అసిల్ కోడి వంశచరిత్ర

గోదావరికి దక్షిణమున, కిన్నెరసాని పారు అడవుల నడుమనున్న పాల్వంచ సీమలో కోళ్లు లేని కోయగూడెము అరుదు. ముత్యాలమ్మ మొక్కునకు, ఇంటికి వచ్చిన చుట్టము మర్యాదకు, సంతలో ఉప్పు పప్పులు కొను పైకమునకు సైతము గూడెమునకు కోడియే ఆధారము. నూకలును, గడ్డిగింజలును, పుట్టలు త్రవ్వి తెచ్చిన చెదలును తిని, రాత్రి గంపక్రింద ఒదుగు ఈ పక్షులలో మేటి జాతి అసిల్. పొడవైన మెడ, దృఢమైన కాళ్లు, విశాలమైన రొమ్ము, ఒంటి కంటుకొనిన ఈకలు దాని లక్షణములు. ఖమ్మం, వరంగల్లు జిల్లాలును, వాని కావలనున్న బస్తరు, దంతెవాడ, కోరాపుట్టు, మల్కనగిరి సీమలును ఈ జాతికి నెలవులు.

కోళ్ల చరిత్రలో ఈ సీమకు మరియొక విశిష్టత కలదు. ఎర్ర అడవికోడి ఉత్తర, పూర్వ భారతారణ్యములందును, బూడిదవన్నె అడవికోడి దక్షిణాపథమునను నివసించుచుండగా, ఆ రెంటికిని ఇంచుమించుగా గోదావరియే ఎల్ల. పెంపుడు కోడి ప్రధానముగా ఎర్ర అడవికోడి సంతతియే యైనను, దాని చర్మమునకు పసుపువన్నె నొసగు గుణము బూడిదకోడి నుండి సంక్రమించినదని 2008లో స్వీడను దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

తెలుగునాట కోడిపందెము పల్నాటి వీరకథయందే ప్రసిద్ధము. డేగ, కాకి, నెమలి, పర్ల అని వన్నెలనుబట్టి పేరిడి పుంజును ఎన్నిక చేసిన మన పెద్దలు క్రొవ్వు లేని బిగువైన కండను కోరిరి; తరతరముల ఆ ఎన్నికయే అసిల్ దేహమును తీర్చిదిద్దెను. 19వ శతాబ్ది తొలిభాగమున ఆంగ్లేయులు భారతదేశపు అసిల్‌ను కొనిపోయి, కార్న్‌వాల్ సీమలో అచటి పందెపుకోళ్లతో సంకరము చేయగా కార్నిష్ జాతి ఉద్భవించెను. 1948లో అమెరికాలో ‘రేపటి కోడి’ పేరిట జరిగిన జాతీయపోటీలో కార్నిష్ సంకరమే ప్రథమస్థాన మందెను. నేటి బ్రాయిలర్ విశాలవక్షము ఆ వంశపు సొత్తే.

కండ పెరుగుదల కాధారమైన కణములు 1961లో వెలుగు చూచెను. అలెగ్జాండర్ మౌరో అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కప్ప కండరమును పరీక్షించుచు, కండపోగు నంటిపెట్టుకొని దాని పైపొర క్రింద నిద్రాణముగనున్న కణములను కనుగొనెను. ఇవి ఎదిగిన దేహమునందును నిలిచియుండు మూలకణములు. పిల్ల గ్రుడ్డునుండి వెలువడునాటికే కండపోగుల సంఖ్య దాదాపు స్థిరపడును; పిమ్మట ఈ కణములు విభజనమొంది, పోగులలో కలిసి వానిని లావెక్కించును, దెబ్బతిన్న కండను మరల కట్టును. ఆరు వారములలో రెండు కిలోలు దాటు బ్రాయిలర్‌లో పెరుగుదల వేగము ఈ మరమ్మతు శక్తిని మించినపుడు, రొమ్ముకండ కొయ్యవలె బిగిసి, క్రొవ్వు చారలు తేలుచున్నవి. మెల్లగా పెరుగు జాతులలో ఈ రుగ్మత అరుదు.

కోళ్లను పోరాటమునకు పురికొల్పుట 1960 నాటి జీవహింస నిరోధక చట్టము ననుసరించి నేరమైనది, అది న్యాయమే. కాని పందెము పోయినను జాతి పోరాదు. 1988లో హైదరాబాదు రాజేంద్రనగరమున వెలసిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటిపెంపకమునకై వనరాజ కోడిని రూపొందించుటయే గాక అసిల్ సంరక్షణమునకును పూనుకొన్నది. ఆ కృషి గూడెముల వరకు సాగవలెను. మేలైన అసిల్ పుంజులను, పెట్టలను ఇతర జాతులతో కలిసిపోనీయక కాపాడు కోయ కుటుంబములకు కొక్కెర తెగులు టీకాలు సకాలమున అందించి, గిట్టుబాటు ధర కల్పించుట ప్రభుత్వ కర్తవ్యము. ఆ ధర నిచ్చి కొనుట మన కర్తవ్యము.