బాల్య లూపస్: నాడీ, మానసిక సమస్యలు

రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే లూపస్ వ్యాధి మెదడు, వెన్నుపాము, నరాలను దెబ్బతీయడం వల్ల పిల్లల్లో, కౌమారుల్లో తలెత్తే సమస్యలివి. ఇవి పెద్దల్లోకన్నా పిల్లల్లో ఎక్కువ. తరచుగా జబ్బు మొదలైన తొలి ఏడాది, రెండేళ్లలోనే బయటపడతాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1999లో వీటిని 19 రకాలుగా వర్గీకరించింది.

తలనొప్పి, మూర్ఛ, కుంగుబాటు, మతిభ్రమ, పక్షవాతం వీటిలో ముఖ్యమైనవి. మతిభ్రమలో లేని మనుషులు కనిపించడం, మాటలు వినిపించడం ఉంటాయి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గడం మాత్రం చాపకింద నీరులాంటిది. మార్కులు పడిపోతే బద్ధకమనో, వయసు ప్రభావమనో ఇంట్లో, బడిలో సరిపెట్టుకుంటారు. కాళ్లూ చేతులూ వాటంతటవే మెలికలు తిరిగే కొరియా ఒక్కోసారి లూపస్‌కు తొలి సూచన. కీళ్లవాత జ్వరంలోనూ ఇదే లక్షణం ఉంటుంది కనుక పొరబడే వీలుంది.

రక్తనాళాల వాపు, మెదడుకు హానిచేసే ప్రతిదేహాలు ఈ సమస్యలకు కారణాలు. యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిదేహాలుంటే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు.

నిర్ధారణే అసలు చిక్కు. ఏ ఒక్క పరీక్షా సరిపోదు. ఎంఆర్‌ఐ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనలేం. అధిక రక్తపోటు, స్టెరాయిడ్ల దుష్ప్రభావం, మెదడు ఇన్ఫెక్షన్లు, మన దేశంలో ముఖ్యంగా క్షయ, కారణం కావని తేల్చుకోవాలి.

తీవ్రమైన వాపుకు మిథైల్‌ప్రెడ్నిసొలోన్, సైక్లోఫాస్ఫమైడ్ వంటివి, గడ్డలకు రక్తాన్ని పలుచబరిచే మందులు ఇస్తారు. మూర్ఛకు, మానసిక లక్షణాలకు వేరే మందులు తోడవుతాయి. మతిభ్రమ చికిత్సతో చాలామందిలో తగ్గుతుంది. చదువులో వెనకబాటు మిగిలిపోవచ్చు.