కృతి ఎవరికి ఇవ్వరాదు? – ఓరుగల్లు కావ్యాంకితాలలో స్వీకార నిరాకరణలు

వ్యాససంగ్రహం:
ధనం తీసుకొని రాసే రచనను ఎప్పుడు అంగీకరించాలి, ఎప్పుడు కాదనాలి అన్న ప్రశ్న తెలుగు సాహిత్యంలో కృతిభర్తృ సంప్రదాయమంత పాతది. కాకతీయుల రాజధాని ఓరుగల్లు, అంటే నేటి ఖిలా వరంగల్, ఆ పరిసరాలతో సంబంధమున్న కృతులను ఆధారంగా చేసుకొని, ఆ నిర్ణయానికి పూర్వకవులు పాటించిన కొలతలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కృతిభర్త, అవతారిక, అంకితం, విద్యానాథుడు, మారన, తిక్కన, పోతన.

1. ఉపోద్ఘాతం:
అంకితాల చర్చ రాగానే రాజును కాదన్న పోతనను, రాజులను ఆశ్రయించిన శ్రీనాథుని ఎదురెదురుగా నిలపడం మనకు అలవాటు. ఈ పోలికలో ఒకరు త్యాగి, మరొకరు భోగి. కానీ మామిడి సింగన మంత్రి లేనిదే శృంగారనైషధం, అవచి తిప్పయసెట్టి లేనిదే హరవిలాసం మనకు ఈ రూపంలో దక్కేవి కావు. ధనస్వీకారమే దోషమైతే ప్రాచీన సాహిత్యంలో అధికభాగాన్ని తోసిపుచ్చవలసి వస్తుంది. కనుక కవి పుచ్చుకున్నాడా లేదా అన్న ప్రశ్నతో ఆగక, పుచ్చుకున్నదానికి బదులుగా కావ్యంలో ఏ చోటును ఇచ్చాడు అని అడగాలి.

2. గడప వద్ద కృతిభర్త:
తెలుగు ప్రబంధ నిర్మాణంలో కృతిభర్తకు నియతమైన స్థానాలున్నాయి. అవతారికలో వంశవర్ణన, షష్ఠ్యంతాలు, ఆశ్వాసాల ఆద్యంతాలలో సంబోధన పద్యాలు. ఈ గ్రంథం ఎవరి ప్రోత్సాహంతో పుట్టిందో మొదటి పుటలలోనే పాఠకునికి తెలిసిపోతుంది. స్తుతి ఎంత అతిశయమైనా కథ మొదలయ్యాక భర్త పక్కకు తొలగుతాడు.

ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నయకు మారన అంకితమిచ్చిన మార్కండేయపురాణం ఇందుకు ఉదాహరణ. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. గన్నయే తరువాత మతం మారి మాలిక్ మక్బూల్‌గా, ఫిరోజ్ షా తుగ్లక్ మంత్రిగా ప్రసిద్ధికెక్కాడని చరిత్రకారులు గుర్తించారు. కవి కీర్తించిన సేనాని జీవితం ఆయన ఊహించని దారి పట్టింది. అయినా మార్కండేయుని కథకు లోటు రాలేదు. భర్త గడప వద్దనే ఉన్నాడు గనుక ఆయన భాగ్యంతో కావ్యభాగ్యం ముడిపడలేదు.

3. గర్భగృహంలో కృతిభర్త:
అదే ప్రతాపరుద్రుని (1289–1323) ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రయశోభూషణం పద్ధతి వేరు. అది సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం. నాయక, రస, గుణ, అలంకార లక్షణాలకు ఇచ్చిన ఉదాహరణలన్నీ రాజస్తుతులే. నాటకలక్షణానికి ఉదాహరణగా రచించిన అయిదంకాల నాటకానికి కూడా ఆ రాజే నాయకుడు. ఈ మార్గం విద్యానాథునితో మొదలు కాలేదు. కళింగ నరసింహుని స్తుతిస్తూ విద్యాధరుడు ఏకావళిని అంతకుముందే రచించాడు.

ఈ గ్రంథపు శాస్త్రవిలువ తక్కువది కాదు. మల్లినాథుని కుమారుడు కుమారస్వామి దీనికి రత్నాపణమనే వ్యాఖ్య రాశాడు. దక్షిణదేశంలో తరతరాలు దీనిని పాఠ్యగ్రంథంగా చదివారు. అయితే ఇక్కడ స్తుతికీ శాస్త్రానికీ మధ్య గోడ లేదు. అలంకారం నేర్చుకునే విద్యార్థి రాజకీర్తిని కూడా నేర్చుకోక తప్పదు. దాపరికం లేదన్నది నిజమే, పేరులోనే రాజున్నాడు. కానీ ఉదాహరణను ఎంచుకునే స్వేచ్ఛను శాస్త్రకారుడు ముందే అర్పించాడు. వెల్లడించడం ఒకటి, స్వతంత్రంగా ఉండడం మరొకటి అని ఈ గ్రంథం వల్ల తెలుస్తుంది.

4. ఒకే కవి, రెండు నిర్ణయాలు:
తిక్కన నిర్వచనోత్తరరామాయణాన్ని తన ప్రభువు మనుమసిద్ధికి ఇచ్చాడు. మహాభారతాన్ని హరిహరనాథునికి ఇచ్చాడు. మనుమసిద్ధి కోసం ఆయన ఓరుగల్లుకు వచ్చి గణపతిదేవుని సాయం కోరాడని సంప్రదాయ కథనం. ప్రభువు పట్ల అంత నిబద్ధత ఉన్న మంత్రి కూడా భారతాన్ని నరాంకితం చేయలేదు. దీనిని రాజవిముఖత అనలేము. కృతి స్వభావాన్ని బట్టి భర్తను నిర్ణయించిన వివేకంగా దీనిని గ్రహించడం సముచితం. జాతి మొత్తానికి చెందవలసిన గ్రంథం ఒక వంశపు ఆస్తిగా కనిపించరాదు.

5. పోతన నిరాకరణ:
పోతన స్వగ్రామం బమ్మెర నేటి జనగామ జిల్లాలో ఉంది. భాగవత అవతారికలో ఆయన పేర్కొన్న ఏకశిలానగరం ఓరుగల్లేనని, కాదు ఒంటిమిట్టయని వాదాలు నడిచాయి. ఖిలా వరంగల్ కోటలోని ఒంటిరాతి గుట్ట ఆ పేరుకు మూలంగా నేటికీ నిలిచి ఉంది.

సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతాన్ని కోరాడని, ఇవ్వకపోగా తాళపత్రాలను పాతిపెట్టించాడని జనశ్రుతి. గంగన, సింగన, వెలిగందల నారయ కొన్ని స్కంధాలను పూరించడానికి అదే కారణమని చెప్పుకుంటారు. శ్రీనాథుడు బావమరిదిగా వచ్చి ఒప్పించబోయాడన్న కథ కూడా ఆ కోవలోదే. ఈ కథల కంటే అవతారికలోని పద్యం బలమైన సాక్ష్యం. అందులో ఏ రాజు పేరూ లేదు. అధములైన రాజులకు కృతినిచ్చి ఊళ్లు, వాహనాలు, ధనం పుచ్చుకొని, మరణానంతరం యముని సమ్మెటదెబ్బలు తినడం కంటే లోకహితంగా శ్రీహరికి సమర్పించడమే మేలన్నది దాని భావం.

ఇందులో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, ప్రతిఫలాన్ని ఆయన పేరుపేరునా చెప్పాడు, అంటే ధరను తెలిసి కాదన్నాడు. రెండవది, తిరస్కారానికి కొలతగా లోకహితాన్ని నిలిపాడు. దేవునికి అంకితమివ్వడం పోతనతో మొదలు కాలేదు, తిక్కనే చేశాడు. కాదనడానికి గల కారణాన్ని కృతిలోనే నమోదు చేయడం పోతన విశిష్టత. షష్ఠ్యంతాలను, స్కంధాల ఆద్యంత సంబోధనలను ఆయన వదలలేదు. వాటిలో రాజు స్థానాన్ని దైవానికిచ్చాడు.

భోగినీదండకం పోతనదేనని అంగీకరిస్తే, ఆయన కూడా ఒకనాడు సింగభూపాలుని కీర్తించినవాడే అవుతాడు. దాని కర్తృత్వం వివాదాస్పదం. ఆయనదే అయినా పై నిరాకరణ బలహీనపడదు. తిక్కనలాగే ఆయనా ఏ కృతికి ఏది తగునో విడదీశాడని తేలుతుంది.

6. ముగింపు:
ఈ కృతుల నుండి మూడు కొలతలు తేలుతున్నాయి. భర్త పేరును బహిరంగంగా చెప్పలేని చోట కృతి ఇవ్వరాదు. ఆయన గడప దాటి విషయ నిర్ణయంలోకి వచ్చే చోట ఇవ్వరాదు. పాఠకులందరికీ చెందవలసిన కృతి ఒకరి సొత్తుగా మారే చోట ఇవ్వరాదు.

భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో డిజిటల్ మాధ్యమాల్లో ధనం తీసుకొని చేసే ప్రచారానికి గుర్తు తప్పనిసరి చేసింది. అది మొదటి కొలత మాత్రమే, షష్ఠ్యంతాలు ఏనాడో చేసిన పని. మిగిలిన రెండింటినీ ఏ నియమావళీ రచయిత తరఫున నిర్ణయించలేదు. ప్రాయోజిత రచనకు పిలుపు అందుకున్న నేటి రచయిత, పరిశోధకుడు కూడా ఇస్తున్నదెంత అన్నదానితో పాటు, అడుగుతున్న చోటు గడపా గర్భగృహమా అని చూసుకోవాలి. గర్భగృహమైతే ధర ఎంతైనా కాదనవలసిందే.