లెక్సింగ్టన్ ‘నార్కో’: మత్తు మానిన వారు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టారు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్ పట్టణ శివార్లలో, సుమారు వెయ్యి ఎకరాల పచ్చిక భూమి మధ్య 1935 మే 25న ఒక విశాలమైన ఇటుక భవనం ప్రారంభమైంది. నల్లమందు, దాని నుంచి తీసే మార్ఫిన్, మార్ఫిన్ నుంచి తయారయ్యే హెరాయిన్ వంటి మత్తుమందులకు బానిసలైన వారికి చికిత్స చేయడానికి ఫెడరల్ ప్రభుత్వం కట్టించిన తొలి ఆసుపత్రి అదే. కిటికీలకు ఊచలు ఉండేవి, వెనక పశువుల కొట్టాలు ఉండేవి. కనుక అది సగం జైలు, సగం ఆసుపత్రి, కొంత వ్యవసాయ క్షేత్రం. పట్టణవాసులు దాన్ని ‘నార్కో’ అని పిలిచేవారు. ఈ రోగులను పూర్తిగా నయం చేయాలని కట్టిన ఆ సంస్థ ఆ పనిలో దాదాపు విఫలమైంది. అయినా ఈ వ్యసనం గురించి వైద్యశాస్త్రం నేర్చుకొన్న అతి ముఖ్యమైన పాఠాలు కొన్ని ఆ వైఫల్యంలోంచే వచ్చాయి.

ఈ ఆసుపత్రి అవసరాన్ని తెచ్చిపెట్టింది చట్టమే. 1914 నాటి హారిసన్ చట్టం నల్లమందు సంబంధిత మందుల అమ్మకాన్ని ప్రభుత్వ అదుపులోకి తెచ్చింది. అలవాటు పడిన రోగికి ఆ అలవాటు నిలబడేందుకే మందు రాసివ్వడం వైద్యం కాదని 1919లో సుప్రీంకోర్టు తేల్చడంతో, వైద్యులు ఇటువంటి రోగులను చూడటానికే జంకారు. కొన్ని నగరాలు నడిపిన మత్తుమందు క్లినిక్‌లు కూడా 1920ల తొలి సంవత్సరాల్లో ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. వైద్యుడి తలుపు మూసుకుపోయాక రోగికి మిగిలింది దొంగ బజారు, దాని వెంట జైలు. మత్తుమందు కేసుల ఖైదీలతో ఫెడరల్ జైళ్ళు కిక్కిరిసిపోగా, వారిని వేరుగా ఉంచే రెండు ‘నార్కోటిక్ ఫారాలు’ నిర్మించాలని 1929లో పోర్టర్ చట్టం నిర్ణయించింది. మొదటిది లెక్సింగ్టన్‌లోను, రెండోది 1938లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లోను వెలిశాయి.

లెక్సింగ్టన్‌లో శిక్ష పడిన ఖైదీలు, తమంతట తాము వచ్చి చేరిన స్వచ్ఛంద రోగులు ఒకే కప్పు కింద ఉండేవారు. వ్యసనపరుడు నేరస్థుడు కాడని, రోగి అని నమ్మిన లారెన్స్ కోల్బ్ దానికి తొలి అధిపతి. వేళకు తిండి, నిద్ర, ఆరుబయట శ్రమ మనిషిని నిలబెడతాయన్నది ఆ సంస్థ విశ్వాసం. అందుకే రోగులు పాలు పితికేవారు, పొలం పనులు చేసేవారు, కుట్టుపని, వడ్రంగం నేర్చుకొనేవారు. నిజాయితీగా తలపెట్టిన ప్రయత్నమే అది. తొలి వారాల కష్టాన్ని దాటించడంలో అది చాలావరకు నెగ్గింది కూడా.

ఆ కష్టానికి వైద్యులు పెట్టిన పేరు విరమణ లక్షణాలు, అంటే అలవాటు పడిన మందు అందనప్పుడు శరీరం చేసే తిరుగుబాటు. చివరి మోతాదు తర్వాత కొన్ని గంటలకే ఆవులింతలు, కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు, చెమటలు మొదలవుతాయి. తర్వాత ఒళ్ళు గగుర్పొడిచి, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి పట్టుకొని, రెండు మూడు రోజులకు తీవ్రమై, వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతాయి. ఈ సంస్థ వైద్యుడు క్లిఫ్టన్ హిమ్మెల్స్‌బాక్ ఒక్కొక్క లక్షణానికి కొన్ని పాయింట్లు కేటాయించి ఆ బాధను రోజువారీగా కొలిచే పద్ధతిని ఇక్కడే రూపొందించాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టిన మెథడోన్ అనే మార్ఫిన్ తరహా మందును క్రమంగా తగ్గించి ఇస్తూ ఆ బాధను తేలిక చేసే విధానం కూడా ఇక్కడ పరీక్షకు నిలిచింది.

శరీరం శుభ్రపడింది, తిండి సయించింది, బరువు పెరిగింది. రోగి గేటు దాటి రైలెక్కి తన ఊరికి వెళ్ళాడు. అసలు కథ అక్కడే మొదలైంది.

1950లలో లెక్సింగ్టన్ నుంచి విడుదలై న్యూయార్క్ చేరిన 1,900 మందికి పైగా రోగుల జాడ తీసి, హంట్, ఓడరాఫ్ అనే పరిశోధకులు 1962లో ఫలితాలు ప్రకటించారు. తొంభై శాతానికి పైగా మళ్ళీ మత్తులో పడ్డారు, వారిలో అత్యధికులు ఆరు నెలల లోపే పడ్డారు. దీన్ని సంకల్పబలం లేకపోవడంగా కొట్టిపారేయడం తేలిక. అయితే అదే ఆసుపత్రిలో పనిచేసిన అబ్రహాం విక్లర్ 1940లలోనే వేరొక కారణం చూపాడు. నెలల తరబడి మందు ముట్టని రోగులు కూడా, సామూహిక చర్చలో మాట మత్తుమందు మీదికి మళ్ళగానే ఆవులిస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, కన్నీళ్ళు తుడుచుకొంటూ కనిపించేవారు. మందు పూర్తిగా పోయిన శరీరంలో విరమణ లక్షణాలు తిరిగి పుట్టడమన్న మాట. పాత వీధి, పాత స్నేహితుడు, సూది కనిపించిన చోటు, ఇవన్నీ మందుతో ముడిపడిన సంకేతాలై శరీరాన్ని మేల్కొలుపుతాయని, ఆసుపత్రి గోడల మధ్య ఆ సంకేతాలు లేనందువల్లనే రోగి కుదుటపడినట్లు కనిపిస్తాడని విక్లర్ వాదించాడు. దీనికి తోడు మరో ప్రమాదం ఉంది. విరామం తర్వాత శరీరం మందును తట్టుకొనే శక్తి కోల్పోతుంది కాబట్టి, తిరిగి మొదలుపెట్టిన మనిషి పాత మోతాదే తీసుకొంటే అది ప్రాణం తీయగలదు.

శాక్సోఫోన్ విద్వాంసుడు సానీ రోలిన్స్ 1955లో స్వచ్ఛందంగా ఇక్కడ చేరి, బయటికి వచ్చాక చేసిన పనిని ఈ వెలుగులో చూడాలి. హెరాయిన్ చేతులు మారే జాజ్ క్లబ్బులకు వెంటనే తిరిగి వెళ్ళకుండా అతడు షికాగోలో ఉండిపోయి, చిన్నాచితకా కూలి పనులు చేసుకొంటూ, కొంత బలం పుంజుకొన్న తర్వాతనే వేదిక ఎక్కాడు. అతడు నిలిచాడు. కానీ అతడిలా ఆగగలిగే వెసులుబాటు అందరికీ లేదు.

మరి నిలిచినవారు ఎలా నిలిచారు? లెక్సింగ్టన్ నుంచి వచ్చిన వంద మంది న్యూయార్క్ వాసులను ఇరవై ఏళ్ళ పాటు అనుసరించిన మనోవైద్యుడు జార్జ్ వయాంట్ పరిశీలన ఇందుకు అమూల్యమైన ఆధారం. దాదాపు అందరూ కనీసం ఒకసారి మళ్ళీ మత్తులో పడినవారే. అయినా కాలం గడిచేకొద్దీ మూడో వంతు మంది స్థిరంగా మానేశారు. ఇరవై మందికి పైగా ఈలోగా చనిపోయారు. ఆసుపత్రిలో గడిపిన రోజులకన్నా, విడుదల తర్వాత దీర్ఘకాలం సాగిన పర్యవేక్షణ, కొత్త అనుబంధాలు, మత్తు స్థానాన్ని నింపే మరో వ్యాపకం, ఆశ కలిగించే బృందంలో సభ్యత్వం ఎక్కువ పనిచేశాయని అతడు గమనించాడు. అటువంటి బృందం ఒకటి 1947లో ‘అడిక్ట్స్ అనానిమస్’ పేరుతో ఈ గోడల మధ్యనే పుట్టింది. 1940లలో ఇక్కడ పనిచేసి, రోగులు తిరిగి తిరిగి రావడం కళ్ళారా చూసిన మేరీ నిస్వాండర్, తర్వాత వైద్యుడు విన్సెంట్ డోల్‌తో కలిసి న్యూయార్క్‌లో మెథడోన్‌ను మాన్పించే మందుగా కాక, రక్తపోటు మాత్రలా రోజూ ఇస్తూ కొనసాగించే మందుగా ప్రయోగించింది. 22 మంది రోగులపై 1965లో వారు ప్రకటించిన ఫలితాలు చికిత్స దిశనే మార్చాయి.

ఈ చరిత్రలో మచ్చ కూడా ఉంది. ఇక్కడి ఖైదీలపై భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డి వంటి మందులతో పరీక్షలు జరిగాయని, కొన్నింటికి అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. డబ్బు అందిందని, పాల్గొన్న వారికి ప్రతిఫలంగా వారు వదలాల్సిన మత్తుమందులే ఇచ్చారని 1975 నాటి సెనేట్ విచారణల్లో వెల్లడైంది. రోగం పేరు చెప్పి చేర్చుకొన్న మనిషికి ఆ రోగాన్నే కూలిగా చెల్లించడాన్ని ఏ పరిశోధనా ఫలితమూ సమర్థించలేదు.

ఆసుపత్రి భవనం 1974లో జైళ్ళ శాఖ చేతికి వెళ్ళింది. డోనల్డ్ జసిన్‌స్కీ బృందం లెక్సింగ్టన్‌లో పరీక్షించి 1978లో వివరాలు ప్రకటించిన, మెథడోన్‌లాగే కొనసాగించి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు మాత్రం లోకమంతా తిరిగింది. భారతదేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సహాయంతో నడిచే కేంద్రాల్లో, సూదితో మత్తుమందు ఎక్కించుకొనే అలవాటున్న వారు రోజూ వచ్చి సిబ్బంది ఎదుట నాలుక కింద పెట్టుకొనేది ఆ బ్యూప్రెనార్ఫిన్ మాత్రనే.