బంగారు గనుల ఊరు నేర్పిన పాఠం

మన స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని మిత్రులు అడిగితే, ఇంజనీరునైన నాకు బెజవాడ విల్సన్ గారు గుర్తొచ్చారు. 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న ఆయన 1966లో కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు.

ఆ ఊరంటే ఇంజనీర్లకు గౌరవం. 1902లోనే శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు తవ్వారు. అదే ఊళ్లో కార్మికుల వాడల్లో నీళ్లు పారని మరుగుదొడ్లు! మలాన్ని మనుషులే ఎత్తి బకెట్లలో మోసేవారు. విల్సన్ గారి కుటుంబంలో పెద్దలు చేసిందీ ఆ పనే. పై చదువులకు వెళ్లిన మొదటివాడు ఆయనే. బడిలో అవమానాలూ పడ్డారు.

1980ల్లో ఆయన ఈ పని ఆపించాలని బయల్దేరితే, ముందు వద్దన్నది తనవాళ్లే. ఉన్న ఉపాధి పోతుందని వాళ్ల భయం. అధికారులేమో అలాంటి దొడ్లే లేవన్నారు. ఆయన ఫోటోలు తీశారు, ఉత్తరాలు రాశారు. విషయం పత్రికలకెక్కింది. చివరికి యాజమాన్యం ఆ దొడ్లను మార్చక తప్పలేదు.

ఈ రెండు అనుభవాలే ఆయన దేశవ్యాప్త పనికి పునాది అయ్యాయని నా అభిప్రాయం. 1993లో నిషేధ చట్టం వచ్చినా అది కాగితం మీదే ఉండిపోయింది. ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి పెద్దల తోడ్పాటుతో ఏర్పడిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 'మా దగ్గర లేవు' అనే పాత జవాబే ఈసారి రాష్ట్రాల నుంచి వచ్చింది. కార్యకర్తలు ఊరూరా తిరిగి ఫోటోలు, వివరాలు పోగుచేసి కోర్టు ముందు పెట్టారు. పని మాన్పిస్తే చాలదు, వేరే బతుకుతెరువు చూపాలని పట్టుబట్టారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. పునరావాసం కల్పించాలని, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు రూ. 10 లక్షల చొప్పున ఇవ్వాలని కోర్టు ఆదేశించింది.

ఇది చదివినప్పుడు నా డ్రాయింగులు గుర్తొచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎన్నో సెప్టిక్ ట్యాంకులు గీశాను. మనిషి దిగేంత మూత పెట్టాను. దిగేదెవరని ఒక్కసారీ ఆలోచించలేదు.

మనం చదువుకునే రోజుల్లో ప్రార్థన గంటకు ముందే వెనక గేటు నుంచి వచ్చి మరుగుదొడ్లు కడిగి వెళ్లిన ఆయన మీకు గుర్తున్నారా? హెడ్మాస్టర్ల పేర్లన్నీ వరసగా చెప్పగలను. గంట కొట్టిన తాత పేరూ తెలుసు. ఈయన పేరు మాత్రం తెలియదు. మన బ్యాచ్‌లో ఎవరిని అడిగినా తెలియదన్నారు.

సంఘం తరఫున బడికి కొత్త మరుగుదొడ్లు కట్టించాలని అనుకుంటున్నాం కదా. డ్రాయింగులు ఉచితంగా నేనే ఇస్తాను. ట్యాంకును యంత్రంతోనే శుభ్రం చేయించాలని, లోపలికి మనిషిని దించకూడదని తీర్మానంలో రాసుకుందాం. ఆయన పేరు తెలిసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే సంచికలో మన గురువుల పేర్ల పక్కన అచ్చు వేద్దాం.