వేలిముద్ర వెనుక లెక్కల విద్యార్థి

చదువురానివాణ్ణి 'వేలిముద్రగాడు' అని వెక్కిరించడం మనకు అలవాటు. ఆ ముద్రను శాస్త్రంగా మలచినది మాత్రం చదువే.

1890లలో బెంగాలు పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ, వేలిముద్రలపై పరిశోధించిన ఫ్రాన్సిస్ గాల్టన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు. అయితే వేలకొద్దీ ముద్రలలో కావలసినదానిని వెదకి పట్టడమెట్లా? కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివి పోలీసులలో చేరిన అజీజుల్ హక్ ఆ చిక్కు విప్పాడు. సుడి ఏ వేలిమీద ఉన్నదో చూచి విలువ కట్టి, ముద్రలను 1,024 గూళ్ళకు సర్దాడు. హేమచంద్ర బోసూ తోడ్పడ్డాడు. 1897లో కలకత్తాలోను, 1901లో స్కాట్లండ్ యార్డులోను వేలిముద్రల కార్యాలయాలు వెలిశాయి.

పేరు మాత్రం 'హెన్రీ పద్ధతి' అనే స్థిరపడింది. బడిలో ఏళ్ళ తరబడి హాజరు పిలిచినవాణ్ణి. ఒక పేరు తప్పిపోతే నాకు మనసొప్పదు. తన సిబ్బందిలో హక్‌ను మించి తోడ్పడినవారు లేరని హెన్రీయే వ్రాశాడు, 1926లో.