గజ్జి చికిత్స చరిత్ర: లక్డారం పరిసరాలు

సార్కోప్టెస్ స్కేబీ అనే, కంటికి ఆనీ ఆనని ఎనిమిది కాళ్ల జీవి చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వచ్చే అంటుజాడ్యమే గజ్జి. గజ్జి, తామర అని మనం ఒక్క గుక్కలో అంటాం గానీ తామర బూజు తెగులు, గజ్జి పురుగు తెగులు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన మలాం అయితే దురదను అణచి పురుగును మాత్రం బతకనిస్తుంది. ఈ జబ్బు ఎక్కువగా పీడించేది పసివాళ్లను. పెద్దవాళ్లకు వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, నడుము చుట్టూ కనిపించే పొక్కులు చంటిపిల్లలకు అరచేతుల్లో, అరికాళ్లలో, తలమీద కూడా లేస్తాయి.

దీని మందుల చరిత్ర చదివితే ఒక సంగతి తేటపడుతుంది: మందుకు ఎన్నడూ పెద్ద కరువు లేదు, గురి తప్పింది. గంధకం ప్రాచీన కాలం నుంచీ ఉంది. ఆయుర్వేదం పామ అన్న పేరుతో వర్ణించిన చర్మవ్యాధిని చాలామంది గజ్జిగానే గుర్తిస్తారు. మన పల్లెల్లో కానుగ నూనె, వేపాకు, పసుపు వాడుకలో ఉన్నాయి. వేప, పసుపు కలిపి నూరిన ముద్దను దక్షిణ భారత గ్రామాల్లో 814 మందికి పూస్తే 97 శాతం మందికి నయమైందని 1992లో ఒక అధ్యయనం వెలువడింది. పోల్చి చూడటానికి వేరే గుంపు లేని ప్రయోగం కనుక దాన్ని చివరిమాటగా తీసుకోలేం, కొట్టిపారేయనూ లేం. పురుగు సంగతి మాత్రం వైద్యులకన్నా తల్లులకే ముందు తెలుసు. పేద తల్లులు తమ పిల్లల పొక్కుల్లోంచి సూదిమొనతో ఏదో తీయడం గురించి 1687లో ఇటలీలో బొనోమో అనే వైద్యుడు రాశాడు. వైద్యలోకం నమ్మలేదు. 1834లో పారిస్‌లో రెనూచి అనే కోర్సికా విద్యార్థి తన ఊరి ఆడవాళ్ల పద్ధతిలోనే పురుగును తీసి చూపించాక గానీ వివాదం సద్దుమణగలేదు.

ఆ గురి ఇప్పటికీ ఎలా తప్పుతోందో లక్డారంలో కనిపిస్తుంది. అది సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఊరు; రాతి క్వారీలకు పేరు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పొడుగునా ఇతర రాష్ట్రాల కూలీలు ఇరుకు గదుల్లో పక్కపక్కన పడుకుంటారు. ఇక్కడ ఒళ్లు దురద అనగానే వేలు నీళ్లవైపు, ఫ్యాక్టరీవైపు చూపిస్తుంది. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు: ఈ ప్రాంతంలోని నక్కవాగు కాలుష్యంపై వ్యాజ్యం 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. రసాయనాలకు, రాతిదుమ్ముకు చర్మం మండుతుందనడమూ నిజమే. కానీ రసాయనం అన్నదమ్ములిద్దరికీ వేళ్ల సందుల్లోనే పొక్కులు లేపదు, ఒకరి నుంచి ఒకరికి పాకదు. రాత్రి పడుకున్నాక పెరిగే దురద ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే ముందు గజ్జినే అనుమానించాలి. కాలుష్యం మీద కోపం న్యాయమైనదే అయినా, ఆ కోపంలో పురుగును వదిలేస్తే నష్టపోయేది పిల్లవాడే. గోకిన చోట స్ట్రెప్టోకాకస్ వంటి సూక్ష్మజీవులు చేరితే చీము పడుతుంది. కొందరిలో అది మూత్రపిండాల వాపుకూ దారితీస్తుంది.

కాలుష్యం మాట తర్వాత వినిపించే రెండో అభ్యంతరం శుభ్రత గురించి: స్నానం చేయిస్తే, దుప్పట్లు ఉడకబెడితే పోదా అని. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కెనెత్ మెలాన్బీ అనే శాస్త్రవేత్త షెఫీల్డ్‌లో, యుద్ధంలో పాల్గొనడానికి నిరాకరించి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి మీద ప్రయోగాలు చేశాడు. రోగుల దుప్పట్లలో పడుకున్నవారికి జబ్బు అరుదుగానే అంటింది. ఒళ్లు ఒళ్లు తగిలితేనే సులువుగా పాకింది. ఒక రోగి ఒంటిమీద సగటున పదకొండు ఆడపురుగులే ఉంటాయని లెక్క తేల్చిందీ ఆయనే. అంటే మురికి అన్న నింద కన్నా ఇరుకు అన్న మాటే సత్యానికి దగ్గర. అమ్మ పక్కలో పడుకునే బిడ్డకు అమ్మే మూలం కావచ్చు. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కనుక, దురద లేదన్న మాట పురుగు లేదన్న రుజువు కాదు.

అందుకే పురుగును చంపే పర్మెత్రిన్ 5 శాతం క్రీము కూడా ఒక్క పిల్లవాడికే పూస్తే ఓడిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడనుంచి అరికాలి దాకా రాసుకోవాలి, చంటివాళ్లకు తలకూ పట్టించాలి, వారానికి మళ్లీ రాయాలి. రెండు నెలలు నిండని శిశువులకు ఇప్పటికీ గంధకపు మలాం వాడతారు. ఐవర్‌మెక్టిన్ మాత్ర కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తారు. అది గుడ్లను చంపదు కనుక ఒకటి రెండు వారాల తేడాతో రెండో మోతాదు కావాలి. పదిహేను కిలోల లోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు. 2015లో వెలువడిన ఫిజీ ప్రయోగంలో అందరికీ ఈ మాత్ర ఇచ్చిన దీవిలో గజ్జి ఏడాదిలో 32.1 శాతం నుంచి 1.9 శాతానికి పడిపోయింది. రోగులకూ వారి దగ్గరివారికీ మాత్రమే క్రీము ఇచ్చిన చోట సగం వరకే తగ్గింది. మందుకు పురుగు మొండికేస్తుందన్న భయం నిరాధారం కాదు, అయితే మందు పనిచేయలేదని చెప్పే వాటిలో చాలావరకు తిరిగి సోకినవి, లేదా పురుగు చచ్చాక కూడా కొన్ని వారాలు మిగిలే దురద. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో చేర్చింది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూసే జబ్బుల్లో గజ్జి ఉంది; అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడుల్లో ఒకసారి తనిఖీ. బడి పట్టీలో పేరున్న పిల్లవాడికి చీటీ రాస్తారు. అదే గదిలో పడుకునే క్వారీ కూలీ, దీన్ని గజ్జి అనక ఖుజలీ అనే అతని భార్య, ఆ పట్టీలో ఉండరు. పిల్లవాడి రెండో పూతకు వారం గడువుంటుంది. ఆ వారమంతా ముగ్గురూ ఒకే దుప్పట్లో పడుకుంటారు.