వెధవ, బేవార్సు, పోరంబోకు: దిక్కు లేకపోవడమే తిట్టయిన కథ

మాది కోలారు వైపు నుంచి బెంగళూరుకు వచ్చిన తెలుగు ఇల్లు. చిన్నప్పుడు మా అవ్వ నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "యాడ తిరుగుతా ఉండావురా వెధవా, అన్నం చల్లారిపోతా ఉండాది" అనేది. వీధిలో కన్నడ పిల్లలు కోపమొస్తే "బేవర్సి" అనేవాళ్లు. మా ఇంట్లో అదే మాట "బేవార్సు". పనీపాటా లేనోడు "పోరంబోకు".

మూడు మాటలూ మూడు దారుల్లో మనకు చేరినాయి. వెధవ సంస్కృత 'విధవ'. బేవార్సులో 'బే' ఫార్సీ, అంటే లేని. 'వారిస్' అరబ్బీ, అంటే వారసుడు. పోరంబోకు తమిళం నుంచి వచ్చిన రెవెన్యూ మాట: శిస్తు వేయని భూమి, అంటే చెరువు, వాగు, బాట, శ్మశానం.

మొగుడు లేనిది, వారసుడు లేనిది, పట్టాదారు లేనిది. వెనక ఎవరూ లేకపోవడాన్నే మనవాళ్లు తిట్టు చేసినారు.

ఇది మన ఒక్కరి గుణం కాదు. జర్మన్‌లో 'డిర్నె' అంటే ఒకప్పుడు ఆడపిల్ల, తర్వాత పనిపిల్ల, ఇప్పుడు వేశ్య. బలం లేనివాళ్ల పేర్లే ముందు దిగజారతాయి.

వితంతువుల పునర్వివాహానికి 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం అలాంటి మొదటి పెళ్లి జరిపించినారు. తిట్టు మాత్రం పోలేదు, మగవాళ్లకు అంటుకుంది. 'విధవ' పుస్తకాల్లో ఉండిపోయింది, 'వెధవ' వీధిలోకి వచ్చింది. రెండూ ఒకటేనని ఇప్పుడు అనేవాళ్లకే గుర్తుండదు.

తిట్టు బాగుపడటమూ ఉంది. 2017లో టి.ఎం. కృష్ణ చెన్నై దగ్గరి ఎన్నూరు వాగు కోసం పాడిన తమిళ పాట పోరంబోకుకు పాత అర్థం గుర్తు చేసింది: అది ఎవరిదీ కాని నేల కాదు, అందరిదీ. చెరువులు పోగొట్టుకున్న మన బెంగళూరోళ్లకు ఆ మాట విలువ వేరే చెప్పాలా?

ఇదంతా చదువుకున్నాక ఒకరోజు, అనపకాయలు ఒలుస్తా కూర్చున్న అవ్వకు వెధవ అర్థం చెప్పినాను. ఆమెకు ఇరవై దాటకముందే తాత పోయినాడు.

"నాకు తెలీదా? ఆయప్ప పోయినంక ఆ మాట నన్ను అనిరి. నువ్వు పుట్టినంక నేను నిన్ను అంటి" అనింది, తల ఎత్తకుండానే.

ఆమె నోట అది ముద్దుమాట. నేను మాత్రం అప్పటినుంచి ఎవర్నీ అనలేకపోయినాను. మీ ఇండ్లల్లో ఈ మాటలు ఎవరు, ఎవర్ని, ఏ గొంతుతో అనేవాళ్లు? గుర్తుంటే చెప్పండి.